ఆపరేటరమ్మ చెప్పిన వరద కథ

ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. పేరుంది గానీ, ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వీధిలో అందరికీ ఆపరేటరమ్మే. ఊరి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పై ఏడేళ్ళు పనిచేసి రిటైరయింది. ఉద్యోగం వదిలి పదేళ్ళయినా గొంతు మాత్రం ఉద్యోగం వదల్లేదు. అవతలి మనిషికి ఎక్కడ వినబడకుండా పోతుందోనని ఒక్కో అక్షరాన్నీ విడదీసి, నొక్కి, నింపాదిగా పలికేది. మేడ మెట్ల మీద నిలబడి కోడలిని పిలిస్తే పక్క వీధిలో ఎవరో "ఆఁ, వస్తున్నా" అనేవారు.

ఎక్స్‌చేంజికి కొత్త భవనం వచ్చాక పాతదాన్ని మ్యూజియం చేశారు. ఊరి పాత ఫొటోలు, తూనిక రాళ్ళు, మూతపడిన కార్ఖానాల యంత్రాలు తెచ్చి అందులో పెట్టారు. ప్రారంభం రోజున పాత ఉద్యోగులందరికీ పిలుపులొచ్చాయి. ఆవిడ వెళ్ళలేదు. తర్వాత ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ముప్పై ఏడేళ్ళు చూశాను. అద్దాల్లో పెట్టి చూపిస్తే కొత్తగా ఏం కనబడుతుంది?" అని మాట తిప్పేసేది.

ఆ వేసవిలో కోడలు తన తొమ్మిదేళ్ళ కూతుర్ని మ్యూజియంలో పిల్లల కథల తరగతులకి చేర్చింది. కోడలు పొద్దున్నే ఉద్యోగానికి పరుగెత్తాలి. కొడుకు పని మీద వేరే ఊళ్ళో ఉంటాడు. పిల్లని దింపి తెచ్చే పని ఆపరేటరమ్మ నెత్తిన పడింది. రెండు రోజులు గేటు దగ్గర వదిలి, రెండు గంటలసేపు బయట అరుగు మీద కూర్చుంది. మూడో రోజు మనవరాలు నీళ్ళ సీసా ఆవిడ సంచిలోనే మర్చిపోయి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ కాసేపు సీసా వంకా, గేటు వంకా చూసి, చివరికి లోపలికి నడిచింది.

ఎదురుగా అద్దాల బీరువాలో స్విచ్‌బోర్డు ఉంది. తొంభై రెండు లైన్ల బోర్డు. ఆవిడ కూర్చున్న కుర్చీ కూడా ముందు వేసి ఉంది. ఒక్క క్షణం ఆవిడ మొహం మెత్తబడింది. అంతలోనే కళ్ళు చిట్లించింది.

"ఈ తీగలు ఎవరు పెట్టారు?"

మ్యూజియం ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంటాడు. "నేనేనండీ. ఏమైనా తప్పుందా?"

"ఈ లెక్కన ఆస్పత్రికి ఫోన్ చేసినవాడు కలప డిపోలో తేలతాడు. ఇదిగో, ఈయనెవరో పాపం, తనకి తనే ఫోన్ చేసుకుంటున్నాడు."

ఇన్‌చార్జి నవ్వేశాడు. తాళం తెచ్చి అద్దం తెరిచాడు. ఆవిడ సంచి కింద పెట్టి, ఒక్కో ప్లగ్గూ పీకి, ఎక్కడ ఉండాల్సినది అక్కడ పెట్టింది. చేతులు వాటంతట అవే కదిలాయి. అతను నోరు తెరుచుకుని చూశాడు. అయిదు నిమిషాల్లో పని ముగించి ఆవిడ చీర కొంగుకి చేతులు తుడుచుకుంటుంటే, "మేడమ్, వచ్చే వారం మీరు మా పిల్లలకి ఒక కథ చెప్పాలి" అన్నాడు.

ఆ కథల తరగతులు అతని సొంత ఆలోచన. మూడు వారాలు, రోజూ పదింటి నుంచి పన్నెండు దాకా. ఇరవై ఇద్దరు పిల్లలు. ఊళ్ళో జరిగిన సంగతులు కథలుగా చెప్పించాలి, విన్నదాన్ని పిల్లలు ఊరికే నమ్మెయ్యకూడదు. అందుకని గోడ మీద మూడు ప్రశ్నలు తన చేత్తో రాసి పెట్టాడు: ఎవరు చూశారు? ఎవరు చెప్పారు? ఎవరి మాట ఇందులో లేదు? మొదటి వారం ఎక్కడి నుంచో వచ్చినాయన గొంతులు మార్చి మార్చి కథ చెప్పాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. మర్నాడు అడిగితే అది ఏ ఊరి కథో ఒక్కళ్ళకీ గుర్తులేదు. ఈసారి ఊరి మనిషే కావాలని ఇన్‌చార్జి పట్టుదల.

"ఏ కథ చెప్పమంటారు?" అంది ఆపరేటరమ్మ.

అతను టైపు చేసిన కాగితం ఒకటి అందించాడు. "వరద కథ. కమిటీ చూసి ఒప్పుకున్న కాగితం ఇది. అప్పట్లో మీరు ఇక్కడే పనిచేసేవారు కదా."

ఆవిడ మొదటి మూడు వాక్యాలు చదివింది. తర్వాత గోడ మీద ఇత్తడి బోర్డు చదివింది. రెంటిలోనూ ఒకటే మాట. నలభై అయిదేళ్ళ కింద వరద వచ్చిన రోజున ఊరి పెద్దాఫీసరు ముందుచూపుతో, సకాలంలో హెచ్చరికలు జారీ చేసి దిగువ వీధి ప్రజల ప్రాణాలు కాపాడారు. పక్కన ఆయన ఫొటో. మెడలో పతకం.

"ఇదే చెప్పాలా?"

"అంటే... వరద గురించి చెప్పాలండీ."

"సరే. వరద గురించి చెప్తాను," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఆ సాయంత్రం కోడలు రెండుసార్లు అన్నానికి పిలిచినా ఆవిడ లేవలేదు. ఏమైందని కోడలు వచ్చి పక్కన కూర్చుంటే అప్పుడు చెప్పింది, మొదటిసారి. అంతా కాదు, సగం. కోడలు విని, "ఇప్పుడు చెప్పకపోతే ఏమవుతుంది అత్తయ్యా?" అంది.

"ఏమీ కాదమ్మా. నలభై అయిదేళ్ళ నుంచి ఏమీ కాలేదు. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది."

సోమవారం ఆవిడ బట్టలు ఆరేసే తాడు పెద్ద చుట్ట ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. ఇరవై ఇద్దరు పిల్లల్నీ లేపి నిలబెట్టింది. పంతొమ్మిది మందికి తలా ఒక తాడు ముక్క చివర ఇచ్చి, రెండో చివర తన కుర్చీకి కట్టుకుంది. దిగువ వీధిలో అప్పట్లో ఉన్నవి పంతొమ్మిది ఫోన్లు. ఒకడు బడి. ఒకమ్మాయి బేకరీ. ఒకడు సైకిల్ షాపు. ఒకమ్మాయి నర్సు గారి ఇల్లు. కళ్ళద్దాల పిల్ల ఒకతి ఉంది, ఎప్పుడూ నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉంటుంది. దాన్ని కలప డిపో చేసింది. మిగిలిన ముగ్గురిలో ఒకడు ఎగువన కట్ట కాపలాదారు, ఒకడు పెద్దాఫీసరు. మనవరాల్ని తన పక్కన కూర్చోబెట్టి, "నువ్వు పొడుగక్కవి. బోర్డు దగ్గర నా పక్క సీటు, నాకు సీనియరు. నాకన్నా మూడేళ్ళు పెద్ద, జానెడు పొడుగు" అంది.

అప్పుడు మొదలుపెట్టింది.

"ఊళ్ళో ఆ రోజు ఎండ మండిపోతోంది. వాన ఎక్కడో పైన పడింది, మన మీద ఒక్క చుక్క లేదు. మధ్యాహ్నం రెండు దాటింది. బోర్డు మీద ట్రంకు లైను, అంటే ఊరి బయటి ఫోన్ల లైను తాలూకు రేకు మూత టక్కున పడింది. అంటే ఆ లైన్లో ఎవరో పిలుస్తున్నట్టు. ప్లగ్గు పెడితే కట్ట కాపలాదారు. నీళ్ళు ఎర్ర గుర్తు దాటాయి, కట్ట అడుగున ఊట పడుతోంది, రెండు గంటల్లో తెగుతుంది, ఆఫీసరు గారికి కలపమన్నాడు. కలిపాను. కలిపాక మేం లైన్లోంచి తప్పుకోవాలి. అది రూలు. ఆ రోజు తప్పుకోలేదు. పొడుగక్క కూడా తన హెడ్‌ఫోను చెవికి పెట్టుకుంది. ఇద్దరం విన్నాం."

"ఆఫీసరు ఏమన్నాడు?" అన్నాడు ఆఫీసరు వేషం వేసిన పిల్లాడు. తన మాటలు తనకి తెలియాలి కదా.

"ఆకాశంలో మబ్బు లేదు, వరదేమిటయ్యా అన్నారు. నేను చెప్పేదాకా ఎవరికీ చెప్పొద్దు, జనం ఊరికే బెదిరిపోతారు అన్నారు. పెట్టేశారు."

ఆవిడ తాళ్ళు చేతిలోకి తీసుకుంది.

"మేం ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. తర్వాత దిగువ వీధికి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాం. ఎవరూ చెప్పమనలేదు. చెప్పొద్దన్నారు కూడా." ఆవిడ మొదటి తాడు లాగింది. "బడీ, బడీ, వినబడుతోందా? కట్ట తెగబోతోంది. పిల్లల్ని మిట్టకి ఎక్కించండి. దారిలో కనబడినవాళ్ళకల్లా చెప్పండి."

ఒక్కో తాడూ లాగింది. లాగినప్పుడల్లా ఒక పిల్లో పిల్లాడో పరుగెత్తి కిటికీ దగ్గర ఎత్తు బల్ల మీదికి ఎక్కారు. చివరికి కళ్ళద్దాల పిల్ల ఒక్కతే మిగిలింది. ఆవిడ దాని తాడు లాగింది. పిల్ల పరుగెత్తబోతుంటే, "నువ్వు ఉండు. నువ్వు ఎత్తలేదు" అంది.

"ఎందుకు?"

"తెలీదు. డిపో వాచ్‌మన్ వెనక వైపు దుంగలు పేరుస్తున్నాడేమో. పద్నాలుగు సార్లు మోగించాను. ఎత్తలేదు. నాలుగూ పదికి నీళ్ళొచ్చాయి. దిగువ వీధిలో నూట ముప్పై ఇళ్ళు పోయాయి. పోయిన ప్రాణం ఒక్కటే. ఆ వాచ్‌మన్‌ది."

ఆ పిల్ల తాడు చివర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బల్ల మీద పిల్లలు కూడా కిందికి దిగలేదు. ఆ పిల్లే అడిగింది.

"తర్వాత మీకు కూడా పతకం ఇచ్చారా?"

"మెమో ఇచ్చారు. అంటే, నువ్వు తప్పు చేశావు, దీనికి ఏం చెప్తావో రాసివ్వు అని కాగితం. ఆఫీసరు మాటలు విన్నామని, చెప్పొద్దన్నది చెప్పామని."

పిల్ల గోడ మీది ప్రశ్నల వంక చూసింది. తర్వాత ఆవిడ వంక చూసింది. "మీరేం రాశారు?"

ఆపరేటరమ్మ గోడ గడియారం చూసింది. పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. అయినా, "టైమైంది. మిగతాది రేపు," అని తాళ్ళు చుట్టడం మొదలుపెట్టింది.

పిల్లలు ఇళ్ళకెళ్ళి ఊరుకుంటారా. రాత్రి భోజనాల వేళకి సగం ఊరికి తెలిసిపోయింది. మర్నాడు ఆవిడ వచ్చేసరికి ఇన్‌చార్జి గదిలో మ్యూజియం కమిటీ చైర్మన్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అంతే. పెద్దాఫీసరు కొడుకు ఆయనే. ఇన్‌చార్జి ఒక మూల నిలబడి ఉన్నాడు.

"కూర్చోండమ్మా. కథ బాగా చెప్పారట. అందరూ అదే మాట్లాడుకుంటున్నారు."

"ఏం మాట్లాడుకుంటున్నారు?"

"మా నాన్నగారు నిద్రపోతుంటే ఊరు మునిగిందని."

"నిద్రపోతున్నారని నేననలేదు. మేలుకునే ఉన్నారు. ఫోన్లో మాట్లాడారు కదా."

చైర్మన్ నవ్వలేదు. బల్ల మీద ఉన్న పాత ఫైలు తెరిచాడు. ఎక్స్‌చేంజి బీరువాల్లో మిగిలిపోయిన కాగితాలన్నీ మ్యూజియం కిందికే వచ్చాయి. అందులోంచి పసుపు పచ్చబడిన కాగితం ఒకటి తీసి చదివాడు. "నా అజాగ్రత్త వల్ల, తొందరపాటు వల్ల ఈ తప్పు జరిగింది. నేను విన్నది సరిగా విని ఉండకపోవచ్చు. ఇకముందు ఇలాంటి పొరపాటు జరగదని హామీ ఇస్తున్నాను." కాగితం ఆవిడ వైపు తిప్పాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడు చెప్తున్నది నిజమా?"

"ఇప్పుడు చెప్తున్నది. అప్పుడు రాసింది అబద్ధం."

"అబద్ధం రాసిచ్చిన మనిషి మాట పిల్లలు ఎందుకు నమ్మాలి?"

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అన్నాడు. ఇరవై మూడేళ్ళ వయసులో, మంచం పట్టిన తండ్రి పక్కన కూర్చుని, మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద రాసిన మాటలవి. ఇంట్లో సంపాదించే మనిషి ఆవిడ ఒక్కతే. ఆ సంగతి చైర్మన్‌కి చెప్పుకోవాలనిపించలేదు.

"నమ్మాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటారు. ఆ కాగితం ఇటివ్వండి. వాళ్ళకి చూపించాలి."

చైర్మన్ ఇలాంటి జవాబు అనుకోలేదు. చప్పున ఫైలు మూసేశాడు. "ఇది మ్యూజియం ఆస్తి. రేపటి నుంచి మీరు రానక్కర్లేదమ్మా. పిల్లల ముందు నోరు విప్పకుండా ఉంటే అందరికీ మర్యాదగా ఉంటుంది."

ఆవిడ లేచింది. "మీ నాన్నగారు కూడా ఆ రోజు ఇదే చెప్పారు, నోరు విప్పొద్దని. మేం అప్పుడే వినలేదు."

గేటు దాటేదాకా తల ఎగరేసుకునే నడిచింది. దాటాక అరుగు మీద కూర్చుంది. చైర్మన్ మీద కోపం ఎంతసేపో నిలవలేదు. కళ్ళద్దాల పిల్ల అడిగిన ప్రశ్నే చెవిలో మోగుతోంది. ఆ ప్రశ్న అడిగే హక్కు ఊళ్ళో ఇంకొక మనిషికి ఉంది. ఆ మనిషి ఎప్పుడూ అడగలేదు.

పొడుగక్కకి బజారు వీధిలో పరదాలు కుట్టే షాపుంది. ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడక. ఇన్నేళ్ళలో ఆపరేటరమ్మ ఆ షాపు ముందు నుంచి నడవలేదు. దూరం నుంచి కనబడగానే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయేది. ఆ మధ్యాహ్నం నేరుగా వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

పొడుగక్క మిషను ముందు కూర్చుని ఉంది. నడుం వంగింది గానీ కూర్చున్నా పొడుగే. మెడలో కొలతల టేపు. తలెత్తకుండానే అడిగింది. "కిటికీ కొలతలు తెచ్చావా?"

"లేదు."

"మరి?"

ఆపరేటరమ్మ చెప్పింది. బోర్డు, తాళ్ళు, కళ్ళద్దాల పిల్ల, చైర్మన్, ఫైల్లో కాగితం. చెబుతున్నంతసేపూ మిషను ఆగలేదు. మొత్తం అయ్యాక పొడుగక్క దారం కొరికి, బట్ట పక్కన పెట్టింది.

"నువ్వు నన్ను చూసి రోడ్డు దాటేదానివి. పోనీలే, నడవడానికి వీలుగా ఉంటుందని షాపే అటు పక్కకి మారుద్దామనుకున్నాను ఒకసారి. మళ్ళీ ఇటు దాటతావని మానేశాను."

ఆపరేటరమ్మ నవ్వలేకపోయింది.

"రాసినందుకు కాదు నా కోపం," అంది పొడుగక్క. "మీ నాన్న మంచం మీద ఉన్నాడు, నాకు తెలుసు. రాశాక నాతో చెప్పలేదు చూడు, అది. నువ్వు కూడా రాయలేదనుకుని, ఇద్దరం కలిసి నిలబడ్డామనుకుని, నేను తల ఎత్తుకుని విచారణ గదిలోకి వెళ్ళాను. లోపల నీ కాగితం చూపించారు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆపరేటరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "దానికి నా దగ్గర జవాబు లేదక్కా."

"నేను అడగలేదులే. ఆ పిల్ల ఏమడిగిందన్నావు?"

"మీరేం రాశారు అని."

"బుర్ర ఉన్న పిల్ల." పొడుగక్క వంగి, మిషను కింద నుంచి రేకు డబ్బా ఒకటి లాగింది. గుండీలు, పాత కత్తెర్లు, వాటి అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం. ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు. తప్పు ఒప్పుకోవడానికి నిరాకరించినందుకు, అని అందులో అచ్చక్షరాల్లో ఉంది. "తరగతి ఎన్నింటికి?"

మర్నాడు పదింటికి ఇద్దరూ గేటు దగ్గర ఉన్నారు. ఇన్‌చార్జి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మేడమ్, నన్ను ఇబ్బంది పెట్టకండి. మిమ్మల్ని తరగతికి రానివ్వొద్దని చైర్మన్ గారు చెప్పారు."

"తరగతికి ఎవరొచ్చారు? మ్యూజియం చూడ్డానికొచ్చాం," అంది ఆపరేటరమ్మ.

పొడుగక్క టికెట్ కిటికీ పక్కనున్న అట్ట వైపు వేలు చూపింది. అరవై దాటినవారికి ప్రవేశం ఉచితం. "ఇది నువ్వు పెట్టిందే కదా నాయనా. లోపల ఉన్న బోర్డు ఎలాగూ అబద్ధమే. దీన్నయినా నిజంగా ఉండనీ."

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూసి పక్కకి జరిగాడు.

ఇద్దరూ స్విచ్‌బోర్డు ముందు నిలబడ్డారు. పక్క హాల్లో పిల్లలు ఇత్తడి బోర్డు మీది మాటల్ని పుస్తకాల్లోకి ఎక్కిస్తున్నారు. ఆ రోజుకి వాళ్ళకి ఇచ్చిన పని అది. మధ్య తలుపు తెరిచే ఉంది. ఆపరేటరమ్మ గొంతు తగ్గించలేదు.

"మొదటి ప్లగ్గు నువ్వే పెట్టావు."

"నేనే. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఆపబోయావు."

"ఆపబోయాను."

ఆ సంగతి ఆవిడ కోడలికి కూడా చెప్పలేదు. హాల్లో పెన్సిళ్ళు ఆగాయి. ముందు మనవరాలు వచ్చింది, తర్వాత కళ్ళద్దాల పిల్ల, ఆ వెనక మందంతా. చివరికి ఇన్‌చార్జి కూడా వచ్చి తలుపులో నిలబడ్డాడు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. అతను తను గోడ మీద రాసిన మూడు ప్రశ్నల వంక కాసేపు చూశాడు. లోపలికి వెళ్ళాడు. రెండు కుర్చీలు మోసుకొచ్చి వేశాడు.

"నిలబడి చెప్తే కాళ్ళు పీకుతాయి. కూర్చోండి," అన్నాడు.

ఆపరేటరమ్మ కూర్చుని కళ్ళద్దాల పిల్లని దగ్గరికి పిలిచింది. "మొన్న ఏం రాశారని అడిగావు. చెప్తాను." ఫైలు చూడకుండానే ఆ మూడు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. పొడుగక్క కవర్లో కాగితం తీసి పిల్ల చేతికిచ్చింది. అది గట్టిగా చదివింది. కష్టమైన మాటలు రెండుచోట్ల తడబడితే ఇన్‌చార్జి అందించాడు.

ఆఫీసరు వేషం వేసిన పిల్లాడు అడిగాడు. "వరదకి భయపడలేదు గానీ, కాగితానికి భయపడ్డారా?"

"అవును. వరద వచ్చి పోతుంది. ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని భయపడ్డాను. ఈవిడకీ ఇల్లుంది, ఈవిడింట్లోనూ పొయ్యి ఉంది. అయినా రాయలేదు. ఆ తేడా మీరు పుస్తకాల్లో రాసుకోండి."

ఇంటికి వెళ్తూ మనవరాలు వీధి మలుపు దగ్గర ఆగింది. "నేనైతే రాయను నానమ్మా" అంది.

"మంచిది."

"నిజంగా రాయను."

"నేనూ అలాగే అనుకున్నానమ్మా. రాసేదాకా."

ఇన్‌చార్జి ఆ వారం పిల్లలకి ఇంటిపని ఒకటి ఇచ్చాడు. దిగువ వీధిలో ఆ రోజు ఫోన్ ఎత్తినవాళ్ళు ఎవరెవరు మిగిలారో కనుక్కుని, వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే రాసుకురావాలి. పిల్లలు ఇంటింటికీ తిరిగారు. ఏడుగురు దొరికారు. బేకరీ ముసలావిడ, "ఆడగొంతు. మిట్టెక్కమంది. ఎవరమ్మా నువ్వు అని అడిగేలోపు పెట్టేసింది. ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు, ఎవరూ చెప్పలేదు" అని రాయించింది. బడి బంట్రోతు అయితే ఆ ఫోన్ వచ్చినప్పుడు గడియారంలో టైము కూడా చెప్పాడు, రెండూ నలభై. ఆఫీసరు హెచ్చరిక జారీ చేసిన టైము ఫైల్లోనే ఉంది. మూడూ యాభై అయిదు. వీధిలోకి నీళ్ళు రావడానికి పావుగంట ముందు.

ఆఖరి రోజున పిల్లలు ఆ మాటలన్నీ అట్టల మీద రాసి ఇత్తడి బోర్డు కింద అతికించారు. తల్లిదండ్రులు వచ్చారు. దిగువ వీధి నుంచి పిలవనివాళ్ళు కూడా వచ్చారు. చైర్మన్ వచ్చి, చుట్టూ చూసి, ఇన్‌చార్జిని పక్కకి పిలిచాడు.

"ఇవన్నీ పీకెయ్యండి."

ఇన్‌చార్జి జేబులోంచి పెన్ను తీసి చాచాడు. "రాసివ్వండి సార్. ఏ కారణం మీద పీకాలో రాసివ్వండి. ఫైల్లో పెట్టుకుంటాను."

కాగితం ఫైల్లో పడితే ఎన్నేళ్ళయినా ఎలా బయటికొస్తుందో చైర్మన్‌కి వారం కిందటే తెలిసింది. రాసివ్వలేదు. గుంపులోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత కూడా తన తండ్రి గురించి ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. పొడుగక్కకి ఏ ఆఫీసు నుంచీ ఏ కాగితమూ రాలేదు. ఆవిడ ఎదురుచూడనూ లేదు.

దిగువ వీధి కుర్రవాళ్ళు కొందరు ఇత్తడి బోర్డు ఊడబీకుతామని వచ్చారు. వాళ్ళని ఆపింది ఆపరేటరమ్మే. "దాన్ని ఉండనివ్వండి. అలా రాసుకున్నారన్నది కూడా జరిగిన సంగతే. పిల్లలు రెండూ చదవాలి."

మరుసటి వేసవికి పిల్లలు రెట్టింపయ్యారు. ఈసారి తరగతులకి ఇద్దరూ వచ్చారు. చెప్పేటప్పుడు పోట్లాడుకునేవాళ్ళు. పదహారు ఫోన్లు నేను చేశాననేది ఒకావిడ, పన్నెండే చేశావనేది ఇంకొకావిడ. పిల్లలు రెండు అంకెలూ రాసుకునేవారు. ఒకరోజు ఒక తల్లి అందరూ వినేలా పొడుగక్కని అడిగింది, మీరు ఈవిడని క్షమించేశారా అని. "ఆ సంగతి మా ఇద్దరి మధ్యది," అని పొడుగక్క మళ్ళీ కథలో పడింది.

మ్యూజియంలో ఇంకా చాలా బోర్డులున్నాయి. వంతెన కట్టించినవారు ఫలానా. కార్ఖానా స్థాపించినవారు ఫలానా. కళ్ళద్దాల పిల్ల నాయకత్వంలో పిల్లలు ఒక్కో బోర్డు కిందా చిన్న చీటీలు అంటించారు. రాళ్ళు మోసింది ఎవరు? యంత్రంలో వేళ్ళు పోయినవాళ్ళ పేర్లేమిటి? నీళ్ళ కుళాయి ముందు ఏ వీధికి వచ్చింది, ఆఖరున ఏ వీధికి, ఎందుకు? మొత్తం పద్నాలుగు చీటీలు. ఏడాదికోసారి జరిగే తనిఖీకి వచ్చిన చైర్మన్ చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కోటీ చదువుకుంటూ వచ్చి, ఆపరేటరమ్మ ముందు ఆగాడు.

"ఇవన్నీ ఎప్పుడు తీస్తారమ్మా?"

"జవాబులు దొరికాక," అంది ఆవిడ.

ఇప్పటికి మూడింటికి దొరికాయి.